మెట్ల లెక్క

మొన్న వేసవిలో జనగామ వెళ్ళి మా అక్క ఇంట్లో పదిహేను రోజులున్నాను. సగంలో ఆగిపోయిన నవల ఒకటి సంచిలో పెట్టుకుని మరీ వెళ్ళాను. ఊరు కాని ఊళ్ళో, వంట బాధ్యత లేని ఇంట్లో, నాలుగు ప్రకరణాలైనా పూర్తిచేసుకోవచ్చని నా ఆశ. మా అక్క కొడుక్కి ఇంకో ఆశ ఉందని నాకేం తెలుసు? తెల్లవారుజామున అయిదింటికే పక్క గదిలో జపం మొదలయ్యేది. "బి... సి... సి షార్ప్... డి..." అని గొణుగుడు, మధ్యమధ్య బుం మని ఒక మోత. గోడకానించి ఉన్న నా మంచం కూడా ఆ మోతకు చిన్నగా వణికేది.

మూడో రోజు ఇక ఉండబట్టలేక లేచి వెళ్ళాను. వాడు మంచం మీద పద్మాసనం వేసుకుని, ఒళ్ళో గిటారు పెట్టుకుని, కళ్ళు మూసుకుని ఉన్నాడు. గిటారంటే సినిమాలో హీరో చెట్టుకింద నిలబడి వాయించేదని మాత్రమే తెలిసినదాన్ని. ఇది అది కాదు. మెడ పొడుగు, వెడల్పు కూడా ఎక్కువే. తీగలు చూస్తే బావి చేదకు కట్టుకోవచ్చుననిపించేటంత లావు. ఆ మెడ నిండా తెల్లటి కాయితపు ముక్కలు అంటించి, వాటిమీద ఇంగ్లీషు అక్షరాలు రాసిపెట్టాడు. మా అమ్మ ఆవకాయ జాడీకొక చీటీ, మాగాయ జాడీకొక చీటీ అంటించేది గుర్తొచ్చింది.

"ఇదేం వాయిద్యంరా?" అన్నాను.

"బేస్ గిటార్ చిన్నమ్మా. మామూలు బేస్‌కు నాలుగే తీగలుంటయి. దీనికి ఆరు. ఏ తీగ మీద ఏ మెట్టు దగ్గర ఏ స్వరం ఉన్నదో చూడకుంటనే చెప్పాలె. వచ్చే ఆదివారం మా సారు పరీక్ష పెడ్తడు."

లెక్క వేసి చూశాను. మెట్లు ఇరవై నాలుగు, తీగలు ఆరు. నూట నలభై నాలుగు జాగాలు. మెట్టేదీ నొక్కకుండా వట్టి తీగ మీటితే పలికేవి మరో ఆరు. అంతా కలిపి నూట యాభై. పేర్లు మాత్రం పన్నెండే. అంటే పన్నెండు పేర్లున్న మనుషులు నూట యాభై మంది ఒకే వీధిలో కాపురమున్నారన్నమాట! పోస్టుమాన్‌కి ఎంత కష్టమో ఆలోచించండి. వాడి కష్టం అదే.

ఈ వాయిద్యం కథ కూడా వాడే చెప్పాడు, నేను తరవాత పుస్తకాల్లో సరిచూసుకున్నాను. పూర్వం పాశ్చాత్య సంగీతంలో మంద్రస్వరాలకు మనిషంత ఎత్తున్న పెద్ద ఫిడేలు వాడేవారు. దానికి మెట్లుండవు. వేలు ఎక్కడ పడాలో చెవి చెప్పాల్సిందే. 1951లో అమెరికాలో లియో ఫెండర్ అనే ఆయన దాన్ని గిటారులాగా పడుకోబెట్టి, మెట్లు బిగించి, ప్రెసిషన్ బేస్ అని పేరుపెట్టి అమ్మకానికి పెట్టాడు. మెట్లున్నాయి కనక స్వరం ఖచ్చితంగా పలుకుతుందని ఆ పేరులోని అర్థం. తీగలు నాలుగు: ఇ, ఏ, డి, జి. ఆంథనీ జాక్సన్ అనే వాద్యకారుడికి ఆ నాలుగూ చాలలేదు. 1975లో కార్ల్ థాంప్సన్ అనే తయారీదారు చేత ఆరు తీగలది చేయించుకున్నాడు. కింద బి, పైన సి చేరాయి. మనిషికి ఉన్నది చాలకపోవడమనేది సంగీతంలో కూడా ఉంటుందని అప్పుడు తెలిసింది నాకు.

"ఇన్ని ఎట్లా గుర్తుపెట్టుకుంటావురా?" అంటే వాడు కిటుకులు చెప్పాడు. పన్నెండో మెట్టు దగ్గర వట్టి తీగ పేరే మళ్ళీ వస్తుంది, అక్కణ్ణించి అంతా పునరుక్తి. కనక సగం బరువు దిగిపోయింది. ఒక స్వరం మీద వేలుంచి, రెండు తీగలు దాటి, రెండు మెట్లు పైకి వెళితే అదే స్వరం పై స్థాయిలో దొరుకుతుంది. అన్నిటికన్నా పెద్ద కిటుకు అయిదో మెట్టు. ఏ తీగ మీదనైనా అయిదో మెట్టు నొక్కితే, దాని పక్క తీగ వట్టిగా మీటినప్పుడు పలికే స్వరమే పలుకుతుంది. "అయిదో మెట్టును పట్టుకుంటే అన్నీ దొరుకుతయి చిన్నమ్మా" అన్నాడు, ఏదో గుప్తనిధి జాడ చెబుతున్నట్టు.

ఆ మాట వినగానే నా ఎడమచేతి వేళ్ళు వాటంతటవే కదిలాయి. నమ్మండి, ముప్ఫై ఏళ్ళ తరవాత!

మా నాన్న రైల్వేలో పనిచేసేవారు. నా చిన్నతనమంతా మహబూబాబాద్‌లోనే గడిచింది. ఇప్పుడంటే, 2016 నుంచి, అది జిల్లా కేంద్రం గాని, మాకది మానుకోటే. విజయవాడ వైపు పోయే బండ్ల కూతల మధ్య, రైల్వే క్వార్టర్లలో ఉండే ఒకావిడ దగ్గర నాకు మూడేళ్ళు వీణ చెప్పించారు. బొబ్బిలి వీణ, పనసకర్రది. నాలుగు వాయించే తీగలు: సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం. పక్కన తాళానికి మూడు. ఇరవై నాలుగు మెట్లు, నల్లటి మైనం మీద బిగించినవి. నాలుగు ఇరవై నాలుగులు తొంభై ఆరు, వట్టి తీగలు నాలుగు, సరిగ్గా వంద జాగాలు. మావాడికి నూట యాభై అని జాలిపడ్డాను గాని, నేనూ తక్కువేం తినలేదు.

మా టీచరు కాయితాలు అంటించనిచ్చేది కాదు. ఒకసారి బొట్టుపెట్టెలోంచి కుంకుమ తీసి పంచమం మెట్టు దగ్గర చిన్న చుక్క పెట్టుకున్నాను. ఆవిడ చూసింది. తిట్టలేదు. కొంగుతో తుడిచేసి, తువ్వాలు తెచ్చి నా కళ్ళకు కట్టింది. "ఇప్పుడు పా ఎక్కడుందో వెతుక్కో" అంది. నేను గుడ్డిదానిలా దండి అంతా తడిమాను. వేలు ఒకచోట ఆగింది. పా పలికింది. ఆ రోజు నాకు కలిగిన సంతోషం తరవాత మొదటి నవల అచ్చయినప్పుడు కూడా కలగలేదంటే మీరు నవ్వుతారేమో. సారణి మీద ఏడో మెట్టు పా, పంచమం తీగ మీద అయిదో మెట్టు సా. "ఏడూ అయిదూ, ఏడూ అయిదూ" అని ఆవిడ పాట పాడినట్టు చెప్పేది. మావాడు చెప్పిన గుప్తనిధి మా టీచరు నోట్లో ఎప్పుడో ఉందన్నమాట.

ఆవిణ్ణించి ఇంకా వెనక్కి పోతే ఎక్కడ తేలుతాం? బి.ఏ.లో చరిత్ర చదివాను గాని, సంగీతం చరిత్ర ఎవరూ చెప్పలేదు. విజయనగరం మీద నవల రాద్దామని కొన్నాళ్ళు పుస్తకాలు తిరగేసినప్పుడు (ఆ నవల రాయలేదు, అది వేరే ఏడుపు) రామామాత్యుడనే పేరు తగిలింది. అళియ రామరాయల ప్రాపకంలో ఉన్నవాడు. 1550లో సంస్కృతంలో స్వరమేళకళానిధి అని ఒక గ్రంథం రాశాడు. తళ్ళికోట యుద్ధానికి ఇంకా పదిహేనేళ్ళుంది. అందులో వీణకు ఒక ప్రకరణం ఉంది. శుద్ధమేళ వీణ అని ఒకటి చెప్పి, దాని నాలుగు తీగలనీ సా, పా, సా, మా అని శ్రుతి చేయమంటాడు. ఆరు మెట్లు పెట్టమంటాడు. అక్కడితో ఊరుకోడు. మొదటి తీగ మీద ఒకటో మెట్టు దగ్గర ఈ స్వరం, రెండో మెట్టు దగ్గర ఈ స్వరం, మళ్ళీ రెండో తీగ మీద ఒకటో మెట్టు దగ్గర ఈ స్వరం అంటూ నాలుగు తీగలకూ ఆరేసి చొప్పున ఇరవై నాలుగు జాగాలూ పేరుపేరునా చెబుతాడు. అక్షరాలా మావాడు అంటించిన చీటీలే! కాకపోతే శ్లోకాల్లో ఉన్నాయి. కాయితం ముక్క ఊడిపోతుంది, శ్లోకం నోట్లో ఉండిపోతుంది. అంతే తేడా.

మావాణ్ణి పిలిచి, ఆ రెండో తీగ లెక్క చదివి వినిపించాను. వట్టి తీగ పా. ఒకటో మెట్టు శుద్ధ ధైవతం, రెండోది శుద్ధ నిషాదం, మూడోది కైశికి, నాలుగోది చ్యుతషడ్జ నిషాదం. "అయిదోది?" అన్నాను.

వాడు వేళ్ళు మడిచాడు. "పక్క తీగ సా అయితే... సా యే రావాలె గదా."

సా యే. పా నుంచి పై సా కి అయిదు మెట్లు. సా నుంచి మా కీ అయిదే. రామామాత్యుడి మూడో తీగ, నాలుగో తీగ మధ్య కూడా అంతే దూరం. బేస్ గిటారు తీగలన్నీ ఇదే దూరంలో శ్రుతి చేస్తారు. హంపిలో ఒకడు, అమెరికాలో ఒకడు, నాలుగు వందల ఏళ్ళ ఎడంతో ఒకే అయిదో మెట్టు దగ్గర వేలు పెట్టారు. ఒకరు ఇంకొకరి దగ్గర నేర్చుకున్నారని కాదు. తీగ స్వభావం అంత. అమెరికాలోనైనా మానుకోటలోనైనా ఒకే లెక్కకు లొంగుతుంది.

ఇంకో సంగతి చదివి నేను ఆశ్చర్యపోయాను. మెట్లన్నీ బిగించి ఉండడం అప్పట్లో తప్పనిసరి కాదట. ఏకరాగమేళ వీణ అని ఉండేది. ఏ రాగం వాయించదలిస్తే ఆ రాగానికి కావలసిన స్వరాల దగ్గరే మెట్లు అమర్చుకోవాలి. రాగం మారితే మెట్లు జరుపుకోవాలి. సర్వరాగమేళ వీణలో అలా కాదు. అన్ని స్వరాలకూ మెట్లుంటాయి, కదిలించే పనిలేదు. ఇరవై నాలుగు మెట్లతో మనం ఇవాళ చూసే వీణ రూపానికి తంజావూరు రఘునాథ నాయకుడి పేరు చెబుతారు. 1600 నుంచి 1634 దాకా ఏలిన తెలుగు రాజు, తానే కవి, తానే వైణికుడు. ఆ మార్పులో ఆడవాళ్ళకు తెలిసిన ఒక కిటుకుంది. ఇవాళ్టి వంటకు కావలసినవి మాత్రమే గట్టుమీద పెట్టుకుంటే చెయ్యి తప్పుపోదు. అన్ని డబ్బాలూ వరసగా పేర్చి పెట్టారనుకోండి, దేనికీ లేచి వెళ్ళక్కర్లేదు గాని, ఏ డబ్బాలో ఏముందో గుర్తుండాలి. ఏకరాగమేళ వీణలో తప్పు స్వరానికి మెట్టే లేదు. సర్వరాగమేళ వీణలో మోహనం వాయిస్తూ పొరపాటున మధ్యమం మీద వేలు వేయవచ్చు. మెట్లు బిగిశాయి, జ్ఞాపకం బరువెక్కింది.

నా వీణ ఇప్పుడు మా అమ్మ ఇంట్లో బీరువా మీద పడుకుని ఉంది. మైనం ఎండి పగుళ్ళిచ్చింది. మెట్లు ముట్టుకుంటే కదులుతున్నాయి. రఘునాథ నాయకుడికి పూర్వపు కాలానికి దాన్ని నేనే వెనక్కి పంపానన్నమాట.

సరే, మెట్లు కదిలించడం, బిగించడం అటుంచండి. అసలు తీగ కింద మెట్టు పెట్టాలని మొట్టమొదట ఎవరికి తోచింది? జనగామలో కూర్చుని ఈ ప్రశ్న వేసుకుంటే జవాబు కోసం దూరం పోనక్కర్లేదు. పాలకుర్తి అక్కడికి దగ్గరే. పాల్కురికి సోమనాథుడి ఊరు. ఆయన పండితారాధ్య చరిత్రలో వాద్యాలూ రాగాలూ నాట్యాలూ ఏకరువు పెడతాడు. వీణల్లోనే ఎన్నో రకాలు చెబుతాడు. రాజుల కొలువు గురించి కాదు, శివరాత్రికి శ్రీశైలం వెళ్ళే భక్తుల ఆటపాటల గురించి. ఆయన బసవపురాణంలోనే కిన్నర బ్రహ్మయ్య కథ ఉంది. కిన్నెర వాయించి శివుణ్ణి మెప్పించినవాడు. ఉల్లిపాయ వాసన దగ్గర బసవన్నతో మాట పట్టింపు వచ్చి అలిగినవాడు కూడా. చివరికి బసవన్నే దిగివచ్చి ఉల్లికి పెద్ద ఉత్సవం చేశాడని కథ. సాక్షాత్తూ బసవన్న చేతే ఉల్లిపాయకు మర్యాద చేయించిన వాద్యకారుడంటే నాకు చాలా ఇష్టం.

ఆ కిన్నెరే నేను చెప్పబోయేది. దేవగిరి యాదవుల కొలువులో శార్ఙ్గదేవుడు 13వ శతాబ్దంలో రాసిన సంగీతరత్నాకరంలో కిన్నరీ వీణ నిర్మాణమంతా ఉంది. వెదురు దండి, సొరకాయ బుర్రలు, పద్నాలుగు మెట్లు. మెట్లు గద్ద జాతి పక్షి ఎముకలతో చేసి మైనంతో అంటించాలట. అంతకు ముందున్న వీణల్లో కొన్ని విల్లులాగా, తీగకొక స్వరం చొప్పున ఉండేవి. మరికొన్ని ఒంటితీగవి, తీగ మీద వేలో పుల్లో జార్చి వాయించేవి. మెట్లున్న వీణల్లో కిన్నరే మొదటిదని, దానికి మెట్లు పెట్టినవాడు మతంగుడని సంగీతజ్ఞులు చెబుతారు. బృహద్దేశి రాసిన మతంగుడే. మాదిగలకు మాతంగులని ఒక పేరుందని గుర్తొచ్చి, ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను. పేరు కలిసినంత మాత్రాన చరిత్ర కలవదని నాకూ తెలుసు. అయినా ఆగిపోయాను. ఎందుకంటే ఇవాళ కిన్నెర మిగిలింది డక్కలివాళ్ళ చేతుల్లో. వాళ్ళు మాదిగల ఆశ్రితులు, వాళ్ళకు జాంబపురాణం చెప్పేవాళ్ళు.

ఆ ఆదివారం పరీక్షలో మావాడు నెగ్గాడు. మర్నాడు అందరం భూపాలపల్లి బయల్దేరాం. మా బావ అక్కడ సింగరేణిలో ఉద్యోగం. వాడు గిటారు కూడా సంచిలో వేసుకున్నాడు. దారిలో పాలంపేటలో దిగి రామప్ప గుడి చూశాం. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించింది. 2021లో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చాక జనం పెరిగారు. చెట్టుమీద వేణువు పట్టుకున్న కృష్ణుడి శిల్పాన్ని చూపించి, ఆ రాతిని మీటితే సరిగమలు పలుకుతాయని చెబుతారు. మావాడు దాన్ని తలవాల్చి చూసి, "దీనికి చీటీలెక్కడ అంటిస్తరు చిన్నమ్మా?" అన్నాడు. వాడి బెంగ వాడిది.

ఆ రాత్రి భూపాలపల్లి క్వార్టర్లో కరెంటు పోయింది. ఆరుబయట మంచాలు వేసుకున్నాం. వాడు ఫోన్లో దర్శనం మొగులయ్యగారి కిన్నెర పెట్టాడు. నాగర్‌కర్నూలు జిల్లా అవుసలికుంట ఆయనది. పన్నెండు మెట్ల కిన్నెర వాయిస్తూ పండుగ సాయన్న వీరగాథ పాడతారు. 2021లో భీమ్లా నాయక్ సినిమా పాటకు మొదట్లో గొంతిచ్చాక కుర్రకారుకు తెలిశారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. వాడు రెండుసార్లు విని, చీకట్లోనే గిటారు తీసి, ఆ వరసను తడుముకుంటూ పట్టుకున్నాడు. కాయితాలు కనబడే వెలుతురు లేదు.

"పన్నెండు మెట్లే గదా చిన్నమ్మా. ఆయనెట్ల గుర్తుపెట్టుకుంటడు? వీటికి పేర్లున్నయా?"

అప్పుడు నేను చెప్పాను. ఇంతవరకూ ఎవరికీ చెప్పని సంగతి. నాకు తొమ్మిదో పదో ఏళ్ళుంటాయి. కొత్తగా వీణ నేర్చుకుంటున్న గర్వం. సెలవులకు మానుకోట దగ్గరున్న మా నానమ్మ ఊరికి వెళ్ళాను. ఆ ఊరి మాదిగవాడకు పురాణం చెప్పడానికి ఒకాయన వచ్చాడు. తీగ మోత విని, జీతగాడి వెంట నేనూ వెళ్ళాను. చింతచెట్టు కింద కూర్చుని ఉన్నాడు. కిన్నెర నిండా పూసలు, ఈకలు, అద్దాలు, కింద మూడు బుర్రలు. నేను ధైర్యం చేసి ముందుకు వెళ్ళి, "మీ దాంట్లో సా ఏ మెట్టు?" అని అడిగాను, పెద్ద విద్వాంసురాలిలాగా.

ఆయన నవ్వాడు. "పేరుతోటి ఏం పని బిడ్డా, ఏలుకెరుక" అన్నాడు. కళ్ళు మూసుకుని వాయించి చూపించాడు. మా టీచరు నాకు కళ్ళకు గంతలు కట్టి నేర్పింది, ఆయన ఎవరూ కట్టకుండానే మూసుకున్నాడు.

ఇంటికి వచ్చేసరికి కబురు నాకంటే ముందే చేరింది. మా నానమ్మ అరుగు మీద నిలబడి ఉంది. మా ఇంటికి అయిదు మెట్లు. మూడో మెట్టు మీద కాలు పెట్టానో లేదో, అక్కడే ఆగమంది. దించి, బావి దగ్గరికి పంపించి, నెత్తిమీంచి నాలుగు చేదల నీళ్ళు పోయించి, బట్టలు తడిపించాక గాని లోపలికి రానివ్వలేదు. నానమ్మ చెడ్డ మనిషి కాదు. ఆ ఊళ్ళో పురుడు వచ్చినా చావు వచ్చినా ముందుండేది. నా వీణ అంటే ఆవిడకు ఎంత మురిపెమో! దసరాకు దానికి పసుపు కుంకుమ పెట్టి, మెట్లకు పూలు పెట్టి దండం పెట్టేది. ఆ మెట్లు దానికి ఎక్కణ్ణించి వచ్చాయో ఆవిడకు తెలియదు, నాకూ అప్పటికి తెలియదు. తెలిస్తే నానమ్మ ఏమనేదో ఊహించాలని చాలాసార్లు ప్రయత్నించాను. నవలలు రాసేదాన్నే గాని, ఆ ఒక్క సంభాషణ ఎప్పుడూ కుదరలేదు.

మావాడు గిటారు మీంచి చెయ్యి తీసేశాడు.

"ఆయన పేరేంది చిన్నమ్మా?"

తెలియదన్నాను. సా ఏ మెట్టని అడిగాను గాని, పేరు అడగలేదు.

వాడేమీ అనలేదు. కాసేపటికి మళ్ళీ ఆ వరస అందుకున్నాడు. రెండుచోట్ల తప్పింది. మూడోసారి అయిదో మెట్టు దగ్గర మొదలుపెట్టాడు. లోపల్నుంచి మా అక్క, "కరెంటు వచ్చేదాకనన్న ఆపరాదురా!" అని కేక వేసింది.